ప్రమాణం ఎవరిది? మద్రాసులో తెలుగు భాషా ప్రమాణాల చరిత్ర, 1812–1940

ఏ రూపం ఒప్పు, ఏ రూపం తప్పు అని తీర్పు చెప్పి, రాసేవారిని దానికి కట్టుబడి ఉండమనే వ్యాకరణాన్ని భాషాశాస్త్రజ్ఞులు ఆదేశాత్మక వ్యాకరణమని, జనం వాడుతున్న రూపాలను ఉన్నవి ఉన్నట్టుగా నమోదు చేసి వాటి వెనుక ఉన్న క్రమాన్ని వివరించే వ్యాకరణాన్ని వర్ణనాత్మక వ్యాకరణమని పిలుస్తారు. ఈ విభజన పేరుకు ఆధునికమే అయినా దాని సారం తెలుగు పండితులకు పాతదే. పెద్దల ప్రయోగాన్ని లక్ష్యమని, దానినుంచి తీసిన సూత్రాన్ని లక్షణమని వారు వ్యవహరించారు. లక్ష్యం ముందా, లక్షణం ముందా అని శతాబ్దాల పాటు చర్చించారు. పదమూడవ శతాబ్దపు కేతన ‘ఆంధ్రభాషాభూషణం’ మొదలు పదిహేడవ శతాబ్దపు అప్పకవి ‘అప్పకవీయం’ వరకు వచ్చిన లక్షణ గ్రంథాలు ప్రధానంగా పద్యం రాసే కవిని ఉద్దేశించినవి. ఉత్తరం రాసుకునే వర్తకుడికీ, లెక్కలు రాసే కరణానికీ, దస్తావేజు రాసే గుమాస్తాకూ వాటితో పని లేదు. వారి తప్పొప్పులను పట్టించుకునే వ్యవస్థ కూడా లేదు.

ఆ వ్యవస్థ పందొమ్మిదవ శతాబ్దంలో ఏర్పడింది. ఏర్పడిన చోటు రాజమహేంద్రవరమో, బందరో, ఓరుగల్లో కాక తెలుగు నేలకు దక్షిణపు అంచున, తమిళ దేశంలో ఉన్న మద్రాసు నగరం. ప్రెసిడెన్సీ రాజధాని, విశ్వవిద్యాలయం, విద్యాశాఖ ప్రధాన కార్యాలయం, పెద్ద ముద్రణాలయాలు అక్కడే ఉండటం వల్ల గంజాము నుంచి అనంతపురం దాకా ఉన్న తెలుగు జిల్లాల పిల్లలు ఏ తెలుగు చదవాలో, ఏ తెలుగు రాస్తే మార్కులు పడతాయో నిర్ణయించే అధికారం ఆ నగరానికి దక్కింది. 1812 నుంచి 1940 వరకు అక్కడ సాగిన చరిత్రను వరుసగా పరిశీలిస్తే, ప్రమాణ భాషను మలచడంలో పండితుల అభిరుచి కంటే దానిని కోరిన సంస్థల అవసరమే బలంగా పనిచేసిందని, సంస్థ మారినప్పుడల్లా ప్రమాణమూ మారిందని తేలుతుంది.

అధికారుల కోసం తెలుగు

1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ ఏర్పడింది. ఇది నగర విద్యార్థుల కోసం పెట్టిన కళాశాల కాదు. ఇంగ్లండు నుంచి కొత్తగా వచ్చిన ఈస్టిండియా కంపెనీ సివిలు ఉద్యోగులకు దక్షిణాది భాషలు నేర్పి, పరీక్షించి, జిల్లాలకు పంపే శిక్షణాలయం. దాని రూపకల్పనలో ముఖ్యుడు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. నుంగంబాకంలో ఈనాటికీ కాలేజీ రోడ్డు అనే పేరు ఆ సంస్థను బట్టి నిలిచినదే. తరువాతి కాలంలో ఆ ఆవరణలోనే ప్రెసిడెన్సీ విద్యాశాఖ డైరెక్టరు కార్యాలయం వెలిసింది. అధికారుల భాషను పరీక్షించిన చోటే ఆ తరువాత బడిపిల్లల భాషను పర్యవేక్షించే చోటు అయింది.

కలెక్టరు కచేరీలో రైతు చెప్పుకునే మొర అర్థం కావాలి, అర్జీ చదవగలగాలి, సాక్షిని ప్రశ్నించగలగాలి. ఇవీ ఆ కాలేజీకి కావలసిన తెలుగు లక్షణాలు. అందువల్ల అక్కడి రచనల్లో కావ్యభాష, వాడుకభాష రెండూ కనిపిస్తాయి. కాలేజీ బోర్డు కార్యదర్శి ఎ.డి. క్యాంబెల్ 1816లో ప్రకటించిన తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ రాసిన పీఠిక తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావని, వాటిది వేరే కుటుంబమని నిరూపించింది. ద్రావిడ భాషాకుటుంబ సిద్ధాంతానికి అది తొలి అచ్చు ప్రకటన. బిషప్ కాల్డ్వెల్ తులనాత్మక వ్యాకరణం రావడానికి అప్పటికింకా నలభై ఏళ్లు ఉంది. ఎల్లిస్ తన వాదనకు ఆధారంగా తీసుకున్నది కాలేజీ ప్రధానోపాధ్యాయుడు పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టికను, మచిలీపట్నం వర్తకుడు మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’ నిఘంటువుకు రాసుకున్న ఉపోద్ఘాతాన్ని. ప్రమాణాన్ని పరాయి పాలకులే తయారుచేశారన్న మాట ఈ కారణంగా సగమే నిజం. కొలబద్ద అవసరం వారిది, దానిమీద గీతలు గీసిన చేయి తెలుగు పండితులది.

ఈ కాలేజీలోనే 1817లో చేరిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను ఆ తరువాతి నాలుగు దశాబ్దాలలో కావ్యాల ప్రతులను సేకరించి పరిష్కరింపజేయడమే కాక, మాట్లాడే తెలుగును కూడా నిఘంటువుకెక్కించాడు. 1840లో ఆయన వ్యాకరణం, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయ్యాయి. హిందుస్తానీ, పారసీ, ఇంగ్లీషు మాటలు కలిసిన కచేరీ తెలుగు కోసం 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రత్యేకంగా ప్రకటించాడు. పండితులు గ్రామ్యమని తోసిపుచ్చే రూపాలకు అర్థం రాసి, ఎక్కడ ఎలా వాడతారో చెప్పడం ఆయన పద్ధతి. ఆ మేరకు అది వర్ణనాత్మకమైన పని. అయితే ఆ వైఖరికి మూలం సిద్ధాంతం కంటే అవసరం: అర్జీలో వచ్చిన మాటకు అర్థం తెలియని అధికారికి ఆ మాట సాధువా అసాధువా అన్న చర్చ అక్కరకు రాదు.

ఆనాటి మద్రాసు తెలుగువారు తమకోసం తాము రాసుకున్న వచనానికి మంచి ఉదాహరణ ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే కోర్టు భాషాంతరీకరణ ఉద్యోగిగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో మద్రాసు నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిన యాత్రను లేఖల రూపంలో రాయగా, కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె దానిని 1838లో అచ్చు వేయించాడు. దారిలోని మజిలీలు, ధరలు, సుంకాలు, కులాచారాలు, నదులు దాటిన విధం అన్నీ కచేరీ మాటలు కలిసిన నిత్యవ్యవహారపు తెలుగులో ఉన్న ఆ పుస్తకంలో లక్షణ గ్రంథాల సంధి నియమాలు వెతికినా దొరకవు. చదువుకున్న మద్రాసు పెద్దమనిషి గంభీరమైన విషయాలను ఆ భాషలో రాయడానికి ఆనాడు సంకోచించలేదన్న సంగతికి ఎనిమిది దశాబ్దాల తరువాత పెద్ద ప్రాముఖ్యం వచ్చింది.

బడి కోసం తెలుగు

1850 దశకంలో ప్రమాణాన్ని కోరిన సంస్థ మారింది. 1854లో వచ్చిన వుడ్ విద్యా తాఖీదు ప్రకారం ప్రెసిడెన్సీకి విద్యాశాఖ ఏర్పడింది, 1855లో ఎ.జె. ఆర్బత్నాట్ దానికి తొలి డైరెక్టరయ్యాడు; 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం స్థాపితమైంది. ఇక కావలసింది పాతికమంది సివిలు ఉద్యోగుల శిక్షణ కాదు. వేలాది పిల్లలకు ఒకే వాచకం, ఒకే ప్రశ్నపత్రం, దిద్దేవాడికి ఒకే కొలత కావాలి. పరీక్ష అనేది స్వభావం చేతనే ఒకే సమాధానాన్ని కోరుతుంది. జిల్లాకొక తీరుగా, కులానికొక తీరుగా ఉన్న మాటల్లో దేనిని ఒప్పుగా తీసుకోవాలన్న ప్రశ్నకు అచ్చయిన సూత్రగ్రంథం సులువైన జవాబు.

ఆ గ్రంథాన్ని అందించినవాడు పరవస్తు చిన్నయసూరి. మద్రాసు పాఠశాలల్లో తెలుగు పండితుడిగా మొదలై ప్రెసిడెన్సీ కళాశాల తెలుగు పండిత పదవికి చేరి, ఆర్బత్నాట్ ఆదరాన్ని పొందిన సూరి 1853లో మిత్రలాభం, మిత్రభేదం అనే రెండు భాగాలతో ‘నీతిచంద్రిక’ను, 1858లో ‘బాలవ్యాకరణము’ను ప్రకటించాడు. సంజ్ఞ, సంధి, తత్సమం, ఆచ్ఛికం, కారకం, సమాసం, తద్ధితం, క్రియ, కృదంతం, ప్రకీర్ణకం అనే పది పరిచ్ఛేదాల ఆ వ్యాకరణం సంస్కృత శ్లోకాలలో కాక తెలుగు సూత్రాలలో ఉండటం, ప్రతి సూత్రం వెంట వివరణ, ఉదాహరణ రావడం, చెప్పదలచినది అతి తక్కువ మాటలలో చెప్పడం దాని బలం. శాస్త్రంగా దాని నిర్మాణ సౌష్ఠవాన్ని తరువాతి ప్రత్యర్థులు కూడా కాదనలేదు.

చిక్కు మరోచోట ఉంది. సూరి లక్ష్యంగా తీసుకున్నది ప్రధానంగా పూర్వకవుల పద్యకావ్యాలను. లక్షణాన్ని వర్తింపజేసింది బడిపిల్లవాడి వచనానికి. లక్షణానికి విరుద్ధమైన భాష గ్రామ్యమన్న నిర్వచనం వల్ల చదువుకున్న ఇళ్లలో రోజూ వినిపించే రూపాలు చాలావరకు ఒక్కసారిగా దోషాలయ్యాయి. ‘వస్తున్నాడు’ అని పలికే పిల్లవాడు ‘వచ్చుచున్నాఁడు’ అని, ‘చేశాడు’ అనేవాడు ‘చేసెను’ అని, ‘పుస్తకం’ అనేవాడు ‘పుస్తకము’ అని రాయాలి. ‘వాఁడు’ వంటి మాటల్లో ఉచ్చారణలో లేని అరసున్నను గుర్తుంచుకొని పెట్టాలి. ‘చెఱువు’ వంటి చోట్ల మామూలు రేఫతో సమానంగా పలికే శకటరేఫ, అంటే బండి ర, ఎక్కడ వస్తుందో కంఠస్థం చేయాలి. ద్రుతం, అంటే కొన్ని పదాల చివర నిలిచే నకారం, తరువాత వచ్చే క, చ, ట, త, ప అనే పరుషాలను గ, జ, డ, ద, బ అనే సరళాలుగా మార్చే సరళాదేశ సంధి ప్రకారం ‘వానిని చూచి’ అన్నది ‘వానిఁ జూచి’ కావాలి. ఈ నియమాలన్నిటికీ కావ్యాలలో చారిత్రక ఆధారం ఉంది. అరసున్న ఒకప్పుడు నిండుసున్నగా పలికినదే, శకటరేఫ ఒకప్పుడు వేరే ధ్వనే. పాతకాలపు ధ్వని చరిత్రను కొత్తకాలపు వర్ణక్రమ పరీక్షగా మార్చడంలోనే ఆదేశాత్మకత ఉంది.

సూరి తరువాత ఆయన మార్గం సంస్థాబలంతో విస్తరించింది. బహుజనపల్లి సీతారామాచార్యులు బాలవ్యాకరణంలో చెప్పనివాటిని చెప్పే ‘ప్రౌఢవ్యాకరణము’ను, కావ్యప్రయోగాలు ఆధారంగా ‘శబ్దరత్నాకరము’ నిఘంటువును 1885లో వెలువరించాడు. ప్రెసిడెన్సీ కళాశాలలోనే పండితుడిగా ఉన్న కొక్కొండ వెంకటరత్నం పంతులు 1871లో ‘ఆంధ్రభాషాసంజీవని’ పత్రికను మద్రాసు నుంచి మొదలుపెట్టి, సూరి వచనం కంటే బిగువైన వచనాన్ని ఆదర్శంగా చూపాడు. 1854లో మొదలైన వావిళ్ల వారి ముద్రణాలయం వంటివి కావ్యాలను, శాస్త్రగ్రంథాలను, వ్యాఖ్యానాలను అచ్చువేసి తెలుగు జిల్లాలకు పంపాయి. ఒకే వ్యాకరణం, ఒకే నిఘంటువు, ఒకే వాచకం, ఒకే పరీక్ష కలిసి గ్రాంథికమనే ప్రమాణాన్ని నిలబెట్టాయి. అరవై ఏళ్లలోపు పుట్టిన ఆ వచనభాష ఇరవయ్యవ శతాబ్ది ఆరంభానికి అనాదిగా వస్తున్న సంప్రదాయంగా కనిపించసాగింది.

పరీక్ష కాగితం మీద పోరు

గ్రాంథికం మీద వివాదాన్ని రేపింది ఆ పరీక్షను నడిపిన విద్యాశాఖ ఉద్యోగి ఒకడు. ఉత్తర సర్కారులలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్, పిల్లలు మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత దూరమెందుకని 1906–07 ప్రాంతంలో అడిగిన ప్రశ్న విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ద్వారా గురజాడ అప్పారావుకు, పర్లాకిమిడి ఉపాధ్యాయుడు గిడుగు వెంకట రామమూర్తికి చేరింది. అప్పటికే రామమూర్తి లిపి లేని సవర భాషను సవరల నోట విని నేర్చుకొని, దానికి వ్యాకరణ నిఘంటువుల పని మొదలుపెట్టి ఉన్నాడు. పుస్తకంలో లేని భాషకు కూడా పూర్తి వ్యాకరణం ఉంటుందని అనుభవం వల్ల తెలిసినవాడు కావడం చేత, జనం నోటి తెలుగుకు వ్యాకరణం లేదన్న మాటను ఆయన ఒప్పుకోలేకపోయాడు.

వాదం విశాఖలో పుట్టినా తీర్పు మద్రాసులో జరగవలసి వచ్చింది, ఎందుకంటే పాఠ్యపుస్తకాలను ఎంపిక చేసేది, పరీక్షలు పెట్టేది అక్కడి సంస్థలే. ఆధునిక భాషలో ఉన్న కొన్ని పుస్తకాలు పాఠ్యాలుగా రావడంతో పండితులలో కలకలం రేగింది. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. దానికి ప్రాణమైన జయంతి రామయ్య పంతులు ప్రభుత్వోద్యోగి, శాసన పరిశోధకుడు. నాటకంలో తక్కువ పాత్రలకు వాడుకమాటలను అంగీకరించి ‘ప్రతాపరుద్రీయము’లో స్వయంగా వాడినా, శాస్త్రానికీ వచనరచనకూ గ్రాంథికమే తగినదన్న వేదం వెంకటరాయశాస్త్రిదీ అదే పక్షం. పిఠాపురం సంస్థానాధీశుడి పోషణతో పరిషత్తు చేపట్టిన ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’ తొలి సంపుటం చాలా ఆలస్యంగా 1936లో వెలువడింది.

1912–13లో స్కూలు ఫైనలు పరీక్ష అధికారులు వ్యాసాన్ని కావ్యభాషలో గానీ ఆధునిక భాషలో గానీ రాయవచ్చునని వెసులుబాటు ఇచ్చారు. ఆధునిక భాషకు నమూనాలుగా వారు పేర్కొన్నవి వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’, బ్రౌను అచ్చువేయించిన తాతాచారి కథలు. అంటే 1850కి ముందటి మద్రాసు తెలుగు, సూరి తరువాతి మద్రాసు తెలుగుకు ప్రత్యామ్నాయంగా సాక్ష్యానికి వచ్చింది. ఆ సమయంలోనే రెండు పక్షాలూ ఇంగ్లీషులో తమ వాదాలను అచ్చువేశాయి: రామమూర్తి ఆధునిక తెలుగును గురించి ఒక విజ్ఞాపనపత్రాన్ని, రామయ్య పంతులు సాహిత్య భాషను సమర్థిస్తూ ఒక గ్రంథాన్ని 1913లోనే ప్రకటించారు. తెలుగు ఎలా ఉండాలన్న వాదం ఇంగ్లీషులో సాగడానికి కారణం స్పష్టం. తీర్పు చెప్పవలసిన విశ్వవిద్యాలయ సెనేటు, విద్యాశాఖ పనిచేసే భాష అదే.

విశ్వవిద్యాలయం నియమించిన వ్యాసరచనా సంఘంలో అధిక సంఖ్యాకులు గ్రాంథికం వైపు మొగ్గగా, సభ్యుడైన అప్పారావు 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించాడు. కావ్యభాష కొద్దిమందికి మాత్రమే అందే కృత్రిమ రూపమని, ఆధునిక విద్యకు, ఆధునిక విషయాలకు అది సాధనం కాలేదని, తాము గ్రాంథికం రాస్తున్నామనుకునేవారు కూడా నిజానికి దానిని నిర్దుష్టంగా రాయలేకపోతున్నారని అందులో సవివరంగా చూపాడు. ఫలితం అనుకూలించలేదు. విశ్వవిద్యాలయం గ్రాంథికాన్నే నిలుపుకుంది; స్కూలు ఫైనలులో ఇచ్చిన వెసులుబాటు కూడా ఎక్కువకాలం నిలవలేదు. 1915 నవంబరులో అప్పారావు మరణించాడు. అదే 1914లో కలకత్తాలో ప్రమథ చౌధురి ‘సబుజ్ పత్ర’ను ప్రారంభించి, సాధుభాష స్థానంలో చలిత భాషను సాహిత్య వచనానికి నిలబెట్టే పనికి పూనుకున్నాడు. బెంగాలులో మార్పు పత్రిక ద్వారా, రచయితల ద్వారా సాగగా, మద్రాసులో పరీక్షాసంఘం ద్వారా సాధించాలన్న ప్రయత్నం ఓడిపోయింది. మద్రాసులోనూ మార్పు చివరికి పత్రికల దారినే వచ్చింది.

రెండు పక్షాల ప్రమాణవాదం

ఈ వివాదాన్ని నియమానికీ స్వేచ్ఛకూ మధ్య పోరుగా చిత్రించడం తరువాతి కాలపు అలవాటు. ఆనాటి రచనలను చూస్తే అది సరి కాదని తెలుస్తుంది. రామమూర్తి ఎవరికి తోచినట్టు వారు రాయవచ్చునని అనలేదు. చదువుకున్నవారు, మర్యాదస్థులు నిత్యం వాడే భాష, జిల్లాల యాసలకు అతీతంగా అందరికీ తెలిసే భాష శిష్టవ్యావహారికమని, రచనకు అదే ప్రమాణం కావాలని ఆయన కోరాడు. కేవలం ఒక ఊరికో ఒక వర్గానికో పరిమితమైన మాటను ఆయన కూడా ప్రమాణంగా ప్రతిపాదించలేదు. కాబట్టి ఇరుపక్షాలూ ప్రమాణం ఉండాలన్నవే. భేదమల్లా లక్ష్యం ఎక్కడుందన్న దాని మీద: చనిపోయిన కవుల కావ్యాలలోనా, బతికున్న పెద్దల నోటనా?

రామయ్య పంతులు పక్షానికి తనదైన తర్కం ఉంది. మాట కోసుకోసుకు మారుతుంది, తరతరానికీ మారుతుంది. పుస్తకభాష స్థిరంగా ఉంటేనే గంజాము పాఠకుడికీ నెల్లూరు పాఠకుడికీ ఒకే పుస్తకం పనికివస్తుంది, నన్నయ నుంచి నేటివరకు వచ్చిన సాహిత్యంతో సంబంధం తెగకుండా ఉంటుంది. వ్యావహారికం అంటున్నది గోదావరి, విశాఖ జిల్లాల మాట మాత్రమే కాదా అన్న ప్రశ్న కూడా ఆనాడే వచ్చింది. ఈ ప్రశ్న బరువైనదని తరువాతి చరిత్ర చూపింది.

రామమూర్తి ఎదుర్కొన్న తీరు పూర్తిగా పండిత మార్గంలోనే ఉంది. ఆయన ప్రత్యర్థుల లక్షణాన్ని వారి లక్ష్యాలకే పట్టి చూశాడు. 1933లో వెలువడిన ‘గద్యచింతామణి’లో పాత శాసనాల, వ్యాఖ్యానాల, స్థానిక చరిత్రల వచనాన్ని కుప్పగా పోసి, సూరికి ముందు తెలుగులో వచనం ఏ కాలానికి ఆ కాలపు వ్యవహారానికి దగ్గరగానే ఉండేదని నిరూపించాడు. ‘ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజం’లో గ్రాంథికవాదులుగా పేరుపొందిన రచయితల పుస్తకాల నుంచే బాలవ్యాకరణ విరుద్ధ ప్రయోగాలను ఏరి చూపించాడు. శాసనకర్తలే పాటించలేని శాసనం శాసనం కాదన్నది ఆ పుస్తకాల సారాంశం. వ్యాకరణానికి ప్రయోగమే శరణమన్న పాత సూక్తిని ఆయన ఆయుధంగా చేసుకున్నాడు. ఆ విధంగా వర్ణనాత్మక పద్ధతిని పాశ్చాత్య దిగుమతిగా కాక పూర్వుల మర్యాదగా నిలబెట్టాడు.

పక్షాలు మారినవారి చరిత్ర కూడా గమనించదగినది. ‘నీతిచంద్రిక’కు మూలమైన పంచతంత్రంలో సూరి వదిలిన భాగాలను గ్రాంథికంలో పూర్తిచేసిన కందుకూరి వీరేశలింగం, కాలక్రమాన తన వచనాన్ని సడలిస్తూ వచ్చి, 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో ఏర్పడిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షుడయ్యాడు. అదే ఏడాది మే నెలలో మద్రాసులో కన్నుమూశాడు. మద్రాసు కేంద్రంగా విజ్ఞానచంద్రికా మండలిని, ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ను నడిపిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు కూడా రామమూర్తి వాదం విన్న తరువాత మనసు మార్చుకున్నాడు. సామాన్య పాఠకుడికి చరిత్ర, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం చెప్పాలని పూనుకున్నవారు భాష సంగతిలో ఎంతోకాలం బిగువుగా ఉండలేకపోయారు.

పాఠకుడి కోసం తెలుగు

సెనేటు గదిలో ఓడిన ప్రమాణం అదే నగరంలో కొన్ని వీధుల అవతల గెలిచింది. కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో 1908లో వారపత్రికగా స్థాపించిన ‘ఆంధ్రపత్రిక’ 1914 ఏప్రిల్ 1 నుంచి మద్రాసులో దినపత్రికగా వచ్చింది. 1924లో ‘భారతి’ మాసపత్రిక తోడైంది. దినపత్రికకు ప్రతిరోజూ రాత్రి గడువు ఉంటుంది. తంతి వార్తలు ఇంగ్లీషులో వస్తాయి; వాటిని గంటల్లో తెలుగు చేయాలి; ఉదయం కాఫీ హోటలులో కొని చదివే పాఠకుడికి నిఘంటువు అవసరం రాకూడదు. మొదట సరళగ్రాంథికం అనే మధ్యేమార్గం ఏర్పడింది. సరళాదేశాలను, అరసున్నను, శకటరేఫను విడిచిపెట్టి, క్రియారూపాలను మాత్రం పుస్తకపు పద్ధతిలో ఉంచడం దాని తీరు. ఎవరూ తీర్మానం చేయకుండానే, అచ్చుగదిలో అక్షరాలు కూర్చేవారి సౌలభ్యం, ఉపసంపాదకుల తొందర కలిసి బాలవ్యాకరణంలోని కొన్ని అధ్యాయాలను ఆచరణలో పక్కన పెట్టాయి.

తాపీ ధర్మారావు ‘జనవాణి’ పత్రికతో మరో అడుగు వేసి వార్తలకూ సంపాదకీయాలకూ వ్యావహారికాన్నే వాడాడు. 1938 మద్రాసు తెలుగు ప్రమాణ చరిత్రలో కీలకమైన ఏడాది. జూన్ 16న ఆకాశవాణి మద్రాసు కేంద్రం ప్రసారాలు మొదలయ్యాయి. అదే ఏడాది గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో, ధర్మారావు రాసిన సంభాషణలతో ‘మాలపిల్ల’ వచ్చింది. ఆగస్టులో ‘ఆంధ్రప్రభ’ దినపత్రిక ఆరంభమైంది. కొన్నేళ్ల తరువాత నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో పత్రికాభాషను జీవద్భాషకు మరింత దగ్గరకు తెచ్చిన పత్రిక అదే. కాగితం మీద ‘వచ్చుచున్నాఁడు’ అన్నది పాఠకుడు సహించవచ్చు. తెర మీద హరిజన యువతి, ఆమెను ప్రేమించిన బ్రాహ్మణ యువకుడు అలా మాట్లాడితే ప్రేక్షకుడు నవ్వుతాడు. చెవికి వినిపించే రేడియో, సినిమా అనే రెండు సాధనాలు బలపడటంతో, కంటికి మాత్రమే పనికివచ్చే వర్ణక్రమ నియమాల బలం కరిగిపోయింది.

పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరినప్పుడు 1936లో ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరిన రామమూర్తి చివరి రోజులు మద్రాసులోనే గడిచాయి. 1940 జనవరి 15న రామబ్రహ్మం నడిపిన ‘ప్రజామిత్ర’ కార్యాలయంలో పత్రికా సంపాదకులను సమావేశపరచి వారికి తన కడపటి విజ్ఞప్తి చేశాడు. వారం తరువాత, జనవరి 22న మరణించాడు. పాతికేళ్ల క్రితం సెనేటుకు విజ్ఞాపన పంపినవాడు ఈసారి సంపాదకులకు విజ్ఞప్తి చేయడం, ప్రమాణాన్ని నిర్ణయించే చోటు మారిందని ఆయన గ్రహించినట్టు తెలుపుతుంది. విశ్వవిద్యాలయాలు, పాఠ్యపుస్తకాలు ఆ మార్పును అంగీకరించడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 1968లో హైదరాబాదులో స్థాపితమైన తెలుగు అకాడమీ కళాశాల పాఠ్యపుస్తకాలను వ్యావహారికంలో తేవడంతో బడి తెలుగు, పత్రిక తెలుగు ఒకటయ్యాయి. ఈ ఆలస్యం తెలుగుకే ప్రత్యేకమైనది కాదు. గ్రీసు దేశంలో ప్రాచీన రూపాలను అనుకరించే కథరేవుస అనే శుద్ధభాషకూ జనం మాట్లాడే దిమొతికికీ మధ్య సాగిన వివాదం 1901లో ఏథెన్సు వీధుల్లో ప్రాణనష్టానికి దారితీసి, చివరికి 1976లో గానీ ప్రభుత్వ నిర్ణయంతో తేలలేదు.

శిష్టులెవరన్న ప్రశ్న

1953లో ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నగరం లేకుండానే ఏర్పడింది. ప్రమాణాన్ని నిర్ణయించే సంస్థలు క్రమంగా విజయవాడకు, హైదరాబాదుకు తరలిపోయాయి. అవి తమతో తీసుకుపోయిన శిష్టవ్యావహారికం కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నవారి మాటకు దగ్గరగా ఉండటం యాదృచ్ఛికం కాదు. మద్రాసులో పత్రికలు, చలనచిత్రాలు నడిపినవారిలో ఎక్కువమంది ఆ జిల్లాలవారే. ఈ ప్రమాణం తమ మాటను యాసగా తగ్గించి చూస్తోందని తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర రచయితలు తరువాతి దశాబ్దాలలో ప్రశ్నించినప్పుడు, 1913లో గ్రాంథికవాదులు వేసిన ప్రశ్నే కొత్త ఉద్దేశంతో తిరిగి వచ్చింది: ఏ జిల్లాది, ఏ వర్గానిది ఆ వ్యవహారం?

ఈ చరిత్రలో మద్రాసు తెలుగుది విచిత్రమైన స్థానం. వీరాస్వామయ్య రాసిన ఆ నగరపు తెలుగు, తమిళంతో పక్కపక్కనే బతికిన జార్జిటౌను వర్తకుల తెలుగు, నాయకరాజుల కాలం నుంచి తమిళనాట స్థిరపడిన కుటుంబాల తెలుగు ఏ దశలోనూ ప్రమాణం కాలేదు. సూరి కాలంలో అది గ్రామ్యమైంది. రామమూర్తి కాలంలో వీరాస్వామయ్య పుస్తకం వాదానికి సాక్ష్యంగా పనికివచ్చింది గానీ ఆ పుస్తకపు భాష రచనకు ఒరవడి కాలేదు. సినిమా కాలంలో హాస్యపాత్రలకు పరిమితమైంది. ప్రమాణాలను తయారుచేసిన నగరం తన మాటను ఆ ప్రమాణంలోకి ఎక్కించలేకపోవడం, ఈ వ్యాసంలో చెప్పిన విషయానికి బలమైన ఆధారం. సంఖ్యాబలమో, ప్రాచీనతో, వ్యాకరణ సౌష్ఠవమో ఒక రూపాన్ని ప్రమాణం చేయవు. దానిని కోరే సంస్థ, ఆ సంస్థకు కావలసిన పాఠకుడు, ఆ పాఠకుడి తరఫున ఇది ఒప్పు అని చెప్పగల స్థానంలో కూర్చున్నవారు చేస్తారు. అధికారి, పరీక్షార్థి, పత్రికా పాఠకుడు అనే ముగ్గురి కోసం నూట ముప్పై ఏళ్లలో మూడు ప్రమాణాలు మద్రాసులో తయారయ్యాయి. వాటిలో ఏ ఒక్కటీ భాష సహజంగా ఇచ్చినది కాదు గనుక, వాటిలో దేనినైనా ప్రశ్నించినవారిని భాషాద్రోహులనడం చరిత్రకు విరుద్ధం. ప్రమాణమే అక్కరలేదనడం కూడా అంతే విరుద్ధం, ఎందుకంటే పాతదానిని పడగొట్టిన ప్రతివాడూ దాని స్థానంలో మరొకదానిని నిలబెట్టినవాడే.